సీమ థాలీ, రెండు నూడుల్స్

ఆదోనిలో పెద్ద హోటల్లో తీరిగ్గా తిని, ఆ తర్వాత సినిమాకు పోవాలని నాకు చాలా రోజుల కోరిక. సిటీల్లో అట్లే చేస్తారంట. మా ఎమ్మిగనూరు నుంచి పోయేవాళ్లు ఇంట్లోనే గబగబా తిని బస్టాండుకు పరుగెత్తుతారు. మా పెళ్లిరోజుకు ఆయన ఎట్టకేలకు సరే అన్నాడు. పెళ్లిరోజంటే ఇద్దరమే పోవాలన్న సంగతి నేను విడిగా చెప్పలేదు. తెలిసే ఉంటుందనుకున్నాను. పొద్దున చూస్తే మా అత్త పట్టుచీర కట్టుకొని అరుగు మీద కూర్చోనుంది.

"అమ్మ కూడా వస్తాదిలే. సినిమా చూసి ఎన్నాళ్లయిందో" అన్నాడు ఆయన.

"వద్దంటే చెప్పమ్మే, చీర మార్చుకుంటా" అనింది అత్త, చెప్పులేసుకుంటా.

హోటలు కొత్తది. లోపల ఏసీ జివ్వుమంటాంది గానీ వెలుతురు మాత్రం బొత్తిగా లేదు. అత్త కాసేపు చూసి, "కరెంటు పోయినట్టుందే. ఈడ జనరేటరు లేదా?" అనింది.

"కావాలనే అట్ల పెడతారత్తా" అన్నాను, అన్నీ తెలిసినదాని మాదిరి. ఇంతలో ఆయన సెల్‌ఫోను లైటేసి మెనూ చదవడం మొదలుపెట్టినాడు. పక్క టేబులు వాళ్లు మా వైపు తిరిగినారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మెనూలో అన్నింటికన్నా పైన, బంగారు రంగు అక్షరాల్లో సీమ థాలీ అని ఉంది. జొన్న రొట్టె, గుత్తి వంకాయ, శెనక్కాయల పొడి. మన తిండికి ఇన్నాళ్లకు మర్యాద దొరికిందని నా మనసు పొంగిపోయింది. మూడు చెప్పబోతే అత్త నా చెయ్యి పట్టుకునింది.

"జొన్న రొట్టెనా? దినామూ తట్టేది నేనే గదా. బస్సెక్కి ఇంత దూరమొచ్చి మళ్లా అదేనా? నాకు నూడుల్స్ చెప్పు."

"నూడుల్సా?"

"ఊ. టీవీలో పిల్లోళ్లు జుర్రుకుంటాంటారే, అవి."

ఆయన కూడా అవే చెప్పినాడు. థాలీ నాకొక్కదానికే.

నూడుల్స్ ముందొచ్చినాయి. ఫోర్కు మీద నుంచి రెండుసార్లు జారిపోతే అత్త దాన్ని పక్కన పెట్టి, శుభ్రంగా చేత్తో కలుపుకొని తినింది. వాళ్లు చెయ్యి కడుక్కున్నాక వచ్చింది నా థాలీ. ఏ రాష్ట్రమాయనో గానీ, సర్వరు నా పక్కన వంగి, "మేడమ్, ఇది జొన్న రొట్టె. చేత్తో తుంచాలి, కూరలో ముంచాలి" అని ఓపిగ్గా నేర్పినాడు. నేను తలూపినాను. తుంచబోతే రొట్టె అప్పడం మాదిరి విరిగింది. అత్త ఆ ముక్కల వైపు చూసి, నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపింది. ఏమన్నా అనుంటేనే బాగుండు.

"సినిమా మొదలైపోయింటాది" అని ఆయన లేచినాడు. సగం థాలీ వదిలేసి ఆటో ఎక్కినాం.

హాల్లో అడుగుపెట్టేసరికి తెర మీద కొట్లాట జరుగుతాంది. అత్త మా ఇద్దరి నడుమ కూర్చుని, "హీరో వచ్చేది పాయెనే!" అని కాసేపు బాధపడి, పక్క సీటాయన వైపు తిరిగింది. అంటే నా మీదుగా.

"ఏమప్పా, ఇంతవరకు ఏమైంది?"

ఆ పక్క సీటాయన ఎంత మంచివాడంటే, ఇంటర్వెల్ దాకా నా ముందు నుంచి వంగి కథ చెప్తానే ఉన్నాడు. తెర మీద జరిగేది వాళ్లిద్దరూ చూడలేదు, నన్నూ చూడనీలేదు.

ఇంటర్వెల్లో ఆకలికి తట్టుకోలేక నేను మూడు సమోసాలు తిన్నాను. ఉండబట్టలేక, "ఈ పొద్దు మా పెళ్లిరోజత్తా" అన్నాను. అయ్యో, రాకుండా ఉంటాంటినే అంటుందనుకున్నాను.

"ముందే చెప్పకూడదా? మీ అమ్మను గూడా పిలిపిస్తాంటిమి గదా!" అనింది.

సాయంత్రం బస్టాండులో కాలు పెట్టే సందు లేదు. శ్రావణమాసం, బస్సులన్నీ ఉరుకుంద జాతరకు తిప్పినారు. చాలాసేపటికి ఒక ఎమ్మిగనూరు బస్సొచ్చింది. అత్తకు కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చోగానే నిద్రపోయింది. నేనూ ఆయనా పైకడ్డీ పట్టుకొని, ఆ రోజుకు మొదటిసారి పక్కపక్కన నిలబడినాం. దారి పొడుగునా మాట్లాడుకున్నాం. గ్యాస్ సిలిండరు అయిపోవచ్చిందని నేనన్నాను. రేపు బుక్ చేస్తానని ఆయనన్నాడు.