కమ్లి తరిమేసిన పొగ

మా కారేపల్లి అవతలి తండాలో పొగ ఎవరికైనా భయపడుతుందంటే అది కమ్లికే. నేను ఉషారాణిని, ఆశా వర్కర్‌ని. పదకొండేళ్లుగా ఆ ఇళ్లన్నీ తిరుగుతున్నాను. నా మాట విన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లకు చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. కమ్లి మాత్రం విన్నది. విని, నాకంటే గట్టిగా పట్టుకున్నది.

ఆమెకు యాభై అయిదు దాటాయి. వానలు పడితే పత్తి చేను, ఎండలు ముదిరితే అడవిలో తునికాకు. ఆ ఆకు కట్టలు కట్టీ కట్టీ వేళ్లు నల్లబడ్డాయి. ఆ ఆకుతో బీడీలు చుడతారనీ, తన మొగుడు దస్రు వాటిని రోజుకు రెండు కట్టలు కాలుస్తాడనీ ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్లు ఆ పొగ పక్కనే పడుకుని ఒక్క మాట అనలేదు. పెద్ద కొడుకు కూతురు భార్గవి పుట్టాక గానీ ఆమెకు కోపం రాలేదు.

భార్గవికి ఏడో నెలలో పిల్లికూతలు మొదలయ్యాయి. దవాఖానాలో డాక్టర్ ఒకటే చెప్పాడు. పొగ తాగేవాడి కంటే పక్కన పడుకున్న పసిదానికి ముందు దెబ్బ, దాని ఊపిరి గొట్టాలు ఇంకా సన్నగా ఉంటాయి, ఇంట్లో ఏ పొగా ఉండకూడదు అని.

కమ్లి ఇంటికొచ్చి ముందు కట్టెల పొయ్యి పగలగొట్టింది. తర్వాత దస్రు మంచం తీసుకెళ్లి చింతచెట్టు కింద వేసింది. పిల్ల ఎగపోస్తున్న ఒక పూట ఆయన గడపలో నిలబడి అగ్గిపెట్టె అడిగాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట, అట్లా ఉంది ఈయన సంగతి. కమ్లి అగ్గిపెట్టెను నీళ్ల బకెట్లో పడేసింది. నా ఇంట్లో నాకే జాగ లేదా ఆశమ్మా అని ఆయన నాతో మొర పెట్టుకున్నాడు. లేదు పో అన్నాను.

అన్నిటికంటే కష్టం సాంబ్రాణి మానడం. తన పిల్లలందరికీ లాలపోసి జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టిన చేతులవి. అది కూడా పొగేనా అని నన్ను నాలుగుసార్లు అడిగింది. అవునన్నాను. ఆ మట్టి మూకుడును అటక మీద పెట్టి, కళ్లు తుడుచుకుని దిగింది.

ఇంత చేసినా పిల్లికూతలు ఆగలేదు. పెద్ద కొడుకు నెబ్యులైజర్ కొన్నాడు. దాన్ని వాళ్లు ఆవిరి మిషన్ అంటారు. గిన్నెలో మందు పోసి స్విచ్చి వేస్తే తెల్లటి ఆవిరి వస్తుంది, పిల్ల పది నిమిషాల్లో కుదుటపడుతుంది. కమ్లి ఆ మిషన్‌కు రోజూ దండం పెట్టేది. దవాఖానాకు వెళ్లిన ప్రతిసారీ డాక్టర్ అదే ప్రశ్న వేసేవాడు, ఇంట్లో ఎవరన్నా పొగ తాగుతారా అని. కమ్లి ఛాతీ విరుచుకుని లేరు సార్ అనేది. నేనూ నా రిజిస్టర్‌లో లేరు అని రాశాను.

మరి ఎందుకొస్తున్నట్టు? మా ఇద్దరికీ బుర్ర పనిచేయలేదు. ఒకసారి చల్లనీళ్ల వల్ల అనుకున్నాం. ఒకసారి కోడలు కవిత చీరకంటిన మిర్చి ఘాటు అనుకుని, ఆమె తోట నుంచి రాగానే చీర మార్చుకునేలా చేశాం. పక్కింటి కుక్కను కూడా తిట్టాం పాపం. ఆదివారాలే ఎక్కువవుతోందని గమనించిన కమ్లి, ఇంట్లో కోడి కూర వండడం మానేసింది. నేను కూడా అది నిజమేమో అనుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను.

శనివారం సాయంత్రం చిన్న కొడుకు రవీందర్ వస్తాడు. ఖమ్మంలో ఒక మొబైల్ షాపులో పని. ప్రాణమంతా భార్గవి మీదే. ఉయ్యాల పక్కన కూర్చుని ఒక చేత్తో ఊపుతూ, రెండో చేత్తో పెన్ను లాంటిది ఒకటి నోట్లో పెట్టుకుని పీలుస్తూ ఉంటాడు. వదిలితే తెల్లటి ఆవిరి, పుదీనా వాసన. ఏందిరా అది అని కమ్లి అడిగితే, పొగ కాదమ్మా, బీడీ అలవాటు పోవడానికి ఆవిరి అన్నాడు. నాకూ అదే చెప్పాడు. నిప్పు లేదు, బూడిద లేదు, అగ్గిపెట్టె లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, నేనూ తల ఊపాను. చదువుకున్న కొడుకు బీడీ ముట్టడు అని కమ్లి తండా అంతా చెప్పుకుంది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆ ఇంట్లో ఉన్నప్పుడే గాలివాన లేచింది. కరెంటు పోయింది. కొద్దిసేపటికే భార్గవికి కూతలు మొదలయ్యాయి, ఎన్నడూ లేనంత. పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతున్నాయి, పెదాలు నీలమవుతున్నాయి. కమ్లి ఆవిరి మిషన్ స్విచ్చి వేస్తోంది, తీస్తోంది, మళ్లీ వేస్తోంది. నా ఫోన్‌కు సిగ్నల్ లేదు. పెద్ద కొడుకూ కవితా మిర్చి కల్లంలో ఉన్నారు. రవీందర్ ఉయ్యాల పక్కనే ఉన్నాడు.

కమ్లి గిరుక్కున రవీందర్ వైపు తిరిగింది. "నీ ఆవిరి తియ్యిరా. పిల్ల మొఖం మీద ఊదు."

నేను వద్దనలేదు. ఎందుకనలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ క్షణాన అది మందేమో అనిపించింది.

రవీందర్ జేబులోంచి పెన్ను తీశాడు. నోటి దాకా తెచ్చాడు. మళ్లీ దించేశాడు.

"ఊదురా, జల్దీ," అన్నది కమ్లి.

నా ముందెప్పుడూ అమ్మా అనేవాడు, ఆ రోజు వాళ్ల భాషలో పిలిచాడు. "యాడీ, ఇది పిల్లకు పడదు."

"ఎందుకు పడదు? ఆవిరే అంటివి గద?"

"బీడీల ఉండే మత్తే ఇందుల గూడ ఉంటది. ఊదితే పిల్లకు ఇంకా ఊపిరాడదు."

కమ్లి కొట్టలేదు, తిట్టలేదు. పిల్లను భుజాన వేసుకుని, కొడుకు కళ్లలోకి చూస్తూ అడిగింది. "మరి గిన్ని శనివారాలు దాని ఉయ్యాల పక్కన్నే కూసొని ఊదితివి గదరా?"

వాడు పెన్ను జేబులో పెట్టుకుని బండి తీశాడు. పిల్లకు ముఖం వదిలి ప్లాస్టిక్ కవర్ కప్పి కమ్లి, ఆమె వెనక నేను, ఆ వానలోనే దవాఖానాకు చేరాం. అక్కడ జనరేటర్ ఉంది. ఆక్సిజన్ పెట్టారు, మందు ఆవిరి పట్టారు. గంటకు పిల్ల పెదాలు ఎర్రబడ్డాయి. అప్పుడు ఏడ్చాను నేను.

డాక్టర్ మళ్లీ ఆ ప్రశ్నే వేశాడు.  ఈసారి రవీందరే చెప్పాడు, నేను తాగుతాను సార్, పిల్ల పక్కనే అని. పెన్ను బల్ల మీద పెట్టాడు.

అది ఈ-సిగరెట్, దాన్నుంచి వచ్చేది నీటి ఆవిరి కాదన్నాడు డాక్టర్. ఏదో ద్రవాన్ని కాచితే వచ్చే తుంపర, అందులో నికోటిన్ ఉంటుంది, కంటికి కనపడనంత సన్నటి నలుసులు ఉంటాయి, పక్కవాళ్ల ఊపిరిలోకి కూడా పోతాయి, అసలు అమ్మడమే నిషేధం అన్నాడు. ఈ పిల్లకు జబ్బు దీనివల్లే వచ్చిందని చెప్పలేను గానీ, ఉన్న జబ్బును ఎగదోసేది ఇలాంటివే అన్నాడు.

కమ్లి అంతా విని, మెల్లగా అడిగింది. "మిషన్ల నుంచి వచ్చేది తెల్లగనే ఉంటది. వీని నోట్లకెళ్లి వచ్చేది గూడ తెల్లగనే ఉంటది. నాకెట్ల తెల్వాలె సార్?"

డాక్టర్ బల్ల మీది పెన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. నేనైతే ఈ రోజుకూ చెప్పలేను. నా రిజిస్టర్‌లో లేరు అన్న మాట కొట్టేసి పైన ఒకరు అని రాశాను. తర్వాత దస్రు గుర్తొచ్చి ఇద్దరు అని దిద్దాను.

మరుసటి శనివారం సాయంత్రం వెళ్లాను. చింతచెట్టు కింద దస్రు మంచం పక్కన ఇంకో మంచం వేసి ఉంది. దాని మీద రవీందర్ కూర్చున్నాడు. పెన్ను పారేశాను ఆశమ్మా, కానీ మానడం వారం పనా, షాపులో వేరేవాళ్ల పెన్ను కనిపిస్తే మళ్లీ చెయ్యి అటే పోతోంది అన్నాడు. భార్గవి గడపలో నిలబడి కాకా, కాకా అని వాడి వైపు చేతులు చాపుతోంది. వాడు ఒకసారి తన చొక్కా వాసన చూసుకున్నాడు. లేవలేదు.