మా చెలక మింగిన డొంక

ప్రభుత్వ ఆస్తుల పాఠం చెప్పడంలో నాకు మంచి పేరుంది. కోదాడలో సాంఘికశాస్త్రం చెప్పబట్టి ఇరవై ఏళ్లు దాటింది. సర్కారు భూమి అంటే ఎవరిదీ కానిది కాదు, మనందరిదీ అని బల్ల గుద్ది చెబుతాను. చెప్పేవాడి సంగతి తెలిస్తే ఆ పిల్లలు నా మొహాన ఉమ్ముతారు. ఇంత మాట ఊరికే అనడం లేదు.

చిలుకూరు దగ్గర మా ఊళ్లో మాకొక మెట్ట చెలక ఉంది. దాని అవతల బంచరాయి, అంటే ఊరి పశువులు మేయడానికి సర్కారు వదిలిన భూమి. మా చెలకకూ బంచరాయికీ మధ్య ఒకప్పుడు డొంక ఉండేది. గొర్లూ బర్లూ చెరువుకు పోయే బాట అది, అదీ సర్కారుదే. ఏటా పత్తి పెట్టే ముందు దున్నేటప్పుడు మా నాన్న ట్రాక్టర్ ముందు నడుస్తూ, "ఒక్క సాలు అవతలికి పోనియ్" అనేవాడు. ఒక్క సాలే. దాన్ని దొంగతనమని మేమెన్నడూ అనుకోలేదు, గట్టు సాపు చేయడం అనేవాళ్లం. చుట్టుపక్కల చెలకల వాళ్లదీ ఇదే వరస. డిగ్రీ చదివే రోజుల్లో స్టీరింగ్ పట్టి ఆ సాళ్లు తోలింది నేనే.

అట్లా ఏటికొక సాలు చొప్పున డొంక మొత్తం మా చెలకలో కలిసిపోయింది. ఎవరూ అడగలేదు. బంచరాయి ఖాళీగా ఉండేది కాబట్టి జీవాలు అందులోంచే చెరువుకు పోయేవి. మేం బోరు వేసింది కూడా ఆ కలుపుకున్న ముక్కలోనే, నీళ్లు దండిగా పడ్డాయి. దున్నడానికి అడ్డం వస్తోందని హద్దు రాయిని నాన్నా నేనూ గడ్డపారతో పెకిలించి ఇంటికి తెచ్చాం. చదునుగా ఉందని పెరట్లో వేసుకున్నాం. నేను స్నానం చేసేది దాని మీద కూర్చునే.

నాన్న పోయిన కొన్నాళ్లకు, బంచరాయిని కొలిచి, రాతి కడీలు పాతి, కంచె వేసి చెట్లు పెంచుతామని అధికారులు వచ్చారు. ప్లాట్ల వాళ్ల కన్ను పడకముందే కంచె పడితే మేలని ఊరంతా సంతోషించింది. నేనూ మేలే అన్నాను, అందరికంటే గట్టిగా అన్నాను.

కొలతలకు ముందు రోజు పొద్దున ఒక పెద్దాయన మా ఇంటికొచ్చాడు. నాన్న ఈడువాడు, పుట్టిన కాడి నుంచీ గొర్లు కాసుకుని బతికే మనిషి. నేను ఆయన్ని పెద్దయ్యా అంటాను. ఆయన మాత్రం నాకు ఉద్యోగం వచ్చిన నాటి నుంచి సారూ అనే పిలుస్తాడు. మెట్టు మీద కూర్చున్నాడు. పది అడుగుల దూరంలో ఆ రాయి ఉంది.

"సారూ, బంచరాయికి కంచె పడితె నా జీవాలు చెరువుకు పోవాల్నంటె డొంక ఒక్కటే దిక్కు. గది మీ చెలకల కల్సిపాయె. హద్దు రాయి యాడుండెనో మీకెర్కే గదా. రేపు మీరొక్క మాట సెప్తె ఇంటరు" అన్నాడు.

"సూద్దాంలే పెద్దయ్యా" అన్నాను.

మర్నాడు సర్వేయర్ ఊరి పటం, నక్ష పరిచాడు. "ఇందులో డొంక ఉంది, నేల మీద లేదు. రాయి ఎక్కడుండేదో ఊళ్లో పెద్దమనుషులు చూపిస్తే డొంక వదిలిపెట్టి కంచె వేస్తాం" అన్నాడు. అందరూ నిలబడి ఉన్నారు, నాకు మాత్రం కుర్చీ వేశారు. పెద్దాయన కట్టెతో మా బోరు వైపు చూపించి, "గీడ ఉండె సారూ" అన్నాడు. సర్వేయర్ నా వైపు తిరిగాడు. "మీరు చదువుకున్నవారు. మీరేమంటారు సార్?"

"నాకు బుద్ధి తెలిసిన నాటి నుంచి ఈ గట్టే హద్దు" అన్నాను. గొంతు కొంచెమైనా వణకలేదు. పాఠం చెప్పే గొంతే అది.

అదే మాట పంచనామాలో రాశారు. నేను సంతకం చేశాను. సాక్షిగా వేలిముద్ర వేయమని పెద్దాయన్ని కూడా పిలిచారు. ఆయన ఆ కాగితాన్నీ నన్నూ చూశాడు. "సారు సెప్పిండంటె గదే నిజమై ఉంటది. పెద్దతనం గదా, నేనే మర్శిపోయిన గావచ్చు" అని వేలిముద్ర వేశాడు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు.

పోయిన తండ్రి పేరు చెడగూడదని అట్లా చెప్పానని కొన్నాళ్లు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. వట్టి అబద్ధం. బోరు పోతుందన్న భయంతో చెప్పాను. మా ఆవిడది మిర్యాలగూడ, ఉన్నది ఉన్నట్టు అనేస్తుంది. ఆ రోజు అన్నం పెడుతూ, "రాయి యాడుందో మీకెర్క లేదా? పొద్దుగాల దాని మీదనే గద కూసుంటరు" అంది. కంచం ముందు నుంచి కోపంగా లేచిపోయాను. కోపం ఆమె మీద కాదని ఇద్దరికీ తెలుసు.

కంచె పడింది. మొక్కలు నాటే రోజు నన్ను పిలిచి నా చేతా ఒక వేప మొక్క పెట్టించారు. ఉమ్మడి ఆస్తిని కాపాడుకోవాలని నాలుగు మాటలు కూడా మాట్లాడి వచ్చాను, సిగ్గులేని మనిషిని. పెద్దాయన మాత్రం జీవాలను తారురోడ్డు మీదుగా చుట్టు తిప్పి చెరువుకు తోలుకుపోసాగాడు. మఠంపల్లి వైపు నుంచి సిమెంటు లారీలు ఆగకుండా తిరిగే రోడ్డు అది. ఒక రోజు రెండు గొర్లు లారీ కింద పడ్డాయి. రెండూ సూడివే.

ఆ వారమే, నేను బోరు దగ్గర మోటారు వేస్తుంటే ఆయన గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. చెలకలో మాత్రం కాలు పెట్టలేదు.

"సారూ, ఏమనుకోకురి. మీ చెలకల నుంచి, గట్టెంబడి జీవాలను జర పోనిస్తరా? ఒక్క మొక్కను ముట్టనియ్య. నేనే ముంగట నడుస్త."

ఇది నీ బాటే పెద్దయ్యా, నేనే దున్నుకున్నాను, అనే మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి నేనన్న మాట ఇది: "సరే, తోలుకో. పత్తి కాయ పట్టినాక మాత్రం వద్దు."

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "మీ నాయిన లెక్కనే మీది పెద్ద మనసు సారూ" అన్నాడు. నేను తలూపాను. చెప్పులు చేత్తో పట్టుకునే ఆయన డొంకలోకి దిగాడు.