బచ్చప్ప తెచ్చిన నడిమి ఎన్నిక

కోలారు బంగారు గనుల్లో చాంపియన్ రీఫ్స్ బజారులో బచ్చప్ప రాగులంగడికి ఎదురుగా నా టైలరంగడి ఉండేది. ఇరవై ఏండ్లకు పైగా ఆయన మొగం చూస్తానే మిషను తొక్కినాను. ఆయన గురించి మంచి చెప్పేవాళ్ళు ఉన్నారు, చెడ్డ చెప్పేవాళ్ళూ ఉన్నారు. నేను చూసింది నేను చెబుతాను.

బచ్చప్ప పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. కామసముద్రం పక్క రైతుల దగ్గర రాగులు, అలసందలు కొనుక్కొచ్చి మైను కూలీల ఇండ్ల లైన్లలో ఉండేవాళ్ళకు అమ్మేవాడు. తూకం పట్టేటప్పుడు మాట్లాడేవాడు కాదు. మిగతా వేళంతా మాట్లాడేవాడు, అదీ ఎక్కువగా పేపర్లో చదివిన సంగతులు. కూతురికి పెండ్లి చేసి కోలారు పంపించినాడు. ఇంట్లో ఆయనా, భార్య జయలక్ష్మమ్మా, అంతే.

డెబ్బై నాలుగులో అమెరికాలో ఒక అధ్యక్షుడు తప్పు బయటపడి దిగిపోయినాడు. ఆ తర్వాత కొన్ని నెలలకు, మనకు దీపావళి వస్తా ఉందనగా, అక్కడ ఎన్నికలు జరిగినాయి. దిగిపోయినాయన పార్టీ చిత్తుగా ఓడింది. ఆ వార్త చదివి బచ్చప్ప అంగడి మెట్టు మీద కూర్చున్నవాళ్ళందరికీ వివరం చెప్పినాడు. పక్కంగడి చిన్నవెంకటప్ప కూడా ఉన్నాడు. ఆయనది పచారీ అంగడి, అందులోనే కిరసనాయిలు అమ్మేవాడు. బచ్చప్పకు తమ్ముడు కాడు గానీ తమ్ముడి కంటే ఎక్కువ.

"మనకు మూడేండ్ల కింద మధ్యంతర ఎన్నికలు వచ్చినాయి గదా, అది వేరే," అన్నాడు బచ్చప్ప. "మనకు సభ రద్దయితే వస్తాది. వాళ్ళకు రద్దు చేసేవాడూ లేడు, వాయిదా వేసేవాడూ లేడు. అధ్యక్షుడికి నాలుగేండ్లు. నడిమధ్యలో కింది సభ మొత్తానికీ, పై సభలో మూడో వంతుకూ ఓట్లు పడతాయి. ఆయన కుర్చీలోనే ఉంటాడు, చుట్టూ ఉండే మనుషులు మారిపోతారు."

"మారితే ఏమన్నా?" అన్నాడు చిన్నవెంకటప్ప.

"మారితే ఆయన చెయ్యి కట్టేసినట్లే. చట్టం చెయ్యాలన్నా, దుడ్డు ఖర్చు పెట్టాలన్నా సభల ఒప్పుకోలు కావాల. తప్పు చేసినాడనిపిస్తే వాళ్ళే విచారణ పెడతారు. ఆయన మాత్రం ఊరికే ఉంటాడా? వాళ్ళు చేసిన చట్టానికి సంతకం పెట్టనని మొండికేస్తాడు. ఇద్దరికీ కుదిరితే పని జరుగుతాది. లేకుంటే లేదు."

"పని నిలిచిపోతే నష్టం గదన్నా?"

"నష్టమే. ఒక్కడే అడ్డం లేకుండా పోతే వచ్చే నష్టం ఇంకా పెద్దదనుకొని పెట్టుకున్నారు."

ఆయన ఊరికే చెప్పలేదని మాకు తర్వాత తెలిసింది. అప్పట్లో మా వర్తకుల సంఘానికి ఒకాయన ఏండ్ల తరబడి అధ్యక్షుడుగా ఉండినాడు. ఆయనకు నచ్చినప్పుడు బజారు మూయించేవాడు, నచ్చనివాళ్ళను సంఘం నుంచి తీసేసేవాడు. అడిగేవాళ్ళు లేరు. బచ్చప్ప మరుసటి ఏడు సంక్రాంతి పోయినాక ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించి, సర్వసభ్య సమావేశంలో కొత్త రూలు చేయించినాడు. అధ్యక్షుడికి నాలుగేండ్లు. తొమ్మిది మంది కమిటీకి మాత్రం రెండేండ్లే. అంగళ్ళవాళ్ళంతా పాటించాల్సింది ఏదైనా సరే కమిటీ ఒప్పుకుంటేనే. దాన్ని బజారులో అందరూ అమెరికా రూలు అన్నారు, కొందరు నవ్వుతా, కొందరు విసుక్కుంటా. అంతలో ఎమర్జెన్సీ వచ్చింది. సంఘాలన్నీ నోరు మూసుకున్నాయి. అది పోయినాక డెబ్బై ఏడులో జరిగిన ఎన్నికలో బచ్చప్పే అధ్యక్షుడైనాడు, కమిటీ అంతా ఆయన మనుషులే.

మొదటి రెండేండ్లు బాగా నడిచింది. మురికి కాలువ బాగు చేయించినాడు, బజారు రెండు కొసలా దీపాలు పెట్టించినాడు. మైనువాళ్ళు బంగారం తీసి పారబోసిన సైనైడు దిబ్బల దుమ్ము సరుకు మీద పడకుండా దిబ్బల వైపు ఎత్తుగా తడికెలు కట్టించినాడు. ఏది అన్నా కమిటీ సరే అనేది. మనిషిలో కొంచెం మార్పు వచ్చింది. ముందు 'చేద్దామా' అనేవాడు 'చేసేద్దాము' అనడం మొదలుపెట్టినాడు.

అప్పుడు ఆయన రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, జింకు రేకుల అంగళ్ళలో ఉండే కిరసనాయిలు డ్రమ్ములన్నీ తీసి, బజారు చివర ఖాళీగా ఉండే రాతి షెడ్డులో పెట్టించాల. షెడ్డు బాడుగకు మాట్లాడి తాళం చెవి కూడా తెచ్చుకున్నాడు. రెండు, రోడ్డు వారన కూర్చొని ఆకుకూరలు, కాయలు అమ్మే ఆడవాళ్ళను బజారులోనుంచి పంపించెయ్యాల. బండ్లు తిరిగేదానికి దారి లేదని ఆయన బాధ.

అవి మొదలయ్యేలోపే డెబ్బై తొమ్మిదిలో కమిటీకి నడిమి ఎన్నిక వచ్చింది. గుడ్డలంగడి వెంకటరామప్ప ఎదురు నిలబడినాడు. "లీటరు కిరసనాయిలుకు బజారు చివరిదాకా ఎవరు పోతారు? ఆకుకూరకు వచ్చే ఆడోళ్ళే గదా మన మెట్లెక్కేది? ఈయనకు పుణ్యముంటాది, మనకు యాపారం పోతాది," అని అంగడంగడికీ చెప్పుకున్నాడు. అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది చిన్నవెంకటప్ప. తన యాపారం గురించి తనను అడక్కుండానే నిర్ణయం చేసినాడని. ఆయనా వెంకటరామప్ప పక్కనే నిలబడి గెలిచినాడు. తొమ్మిదిలో ఆరు సీట్లు వాళ్ళవి. మొదటి మీటింగులోనే రెండు పనులూ రద్దు చేసినారు.

ఆ దినం బచ్చప్ప ఇంటికి పోలేదు, అంగట్లోనే కూర్చున్నాడు. జయలక్ష్మమ్మ అన్నం క్యారియరు తెచ్చి పెట్టి, "తాళం చెవి మీ కాడే ఉండాది గదా. అధ్యక్షుడు మీరే గదా. డ్రమ్ములు ఎత్తించి పెట్టేస్తే ఎవరు అడ్డమొస్తారు?" అన్నింది.

"చెవి నా కాడ ఉండాది. ఒప్పుకోలు వాళ్ళ కాడ ఉండాది," అన్నాడు.

"ఆ రూలు రాసింది మీరే."

"అందుకే."

తర్వాత చిన్నవెంకటప్ప దగ్గరికి తానే పోయినాడు. నేను గుండీలు కుట్టుకుంటా విన్నాను. "కమిటీ మాట కాదు చిన్నప్పా, నేను అడుగుతా ఉండాను. నీ డ్రమ్ములన్నా తీసి షెడ్డులో పెట్టు." చిన్నవెంకటప్ప తల ఎత్తకుండానే, "ఇంగ ఆరు నెల్లు పోనీన్నా, చూద్దాము," అన్నాడు. వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదు. పొద్దున కాఫీ మాత్రం కలిసి తాగడం మానేసినారు.

ఆకుకూరల అక్కయమ్మ ఒకసారి బచ్చప్ప మెట్టు ముందర నిలబడి అడిగింది. "సామీ, నన్ను ఈడ కూర్చోనీకూడదనుకుంటివంట. మా ఇంటాయన లోపల రాయి పడి పోయినాడు. ఈడ కాకుంటే యాడ కూర్చునేది?" మైనులో మొగుడు పోయినాక ఆమె బతికింది ఆ గంపతోనేనని బచ్చప్పకు అప్పటిదాకా తెలీదు. ఆమె జవాబు కోసం ఆగకుండా పోయి తన చోట కూర్చునింది.

మరుసటి ఎండాకాలం, మధ్యాహ్నం గాలి బాగా వీస్తా ఉన్నింది. చిన్నవెంకటప్ప అంగడి వెనకాల టీ అంగడి స్టవ్ ఒకటి పేలి మంట లేచింది. రేకుల మధ్య కొయ్య దూలాలు, గోనె సంచులు, అన్నీ ఎండిపోయి ఉన్నాయి. చిన్నవెంకటప్ప తన భార్య నాగరత్నను బయటికి తోసి, డ్రమ్ములను రోడ్డు మీదికి దొర్లించాలని లోపలికి పోయినాడు. ఒకటి దొర్లించినాడు. రెండోదానికి పోయినాడు. కప్పు కూలింది. మేమంతా ఇసుక, నీళ్ళు పోసినాము. బచ్చప్ప చేతులు కాలేదాకా రేకులు లాగినాడు. చిన్నవెంకటప్పను బయటికి తెచ్చినాము గానీ ఆస్పత్రిలో నిలవలేదు. ఆ వరసలో అంగళ్ళన్నీ బూడిదైనాయి.

కర్మ జరిగిన రోజు బచ్చప్ప చేతులకు కట్లతోనే పోయి గోడ వారన కూర్చున్నాడు. నాగరత్న అందరూ చూస్తా ఉండగానే వచ్చి ఆయన ముందర కూర్చునింది.

"బావా, తాళం చెవి మీ కాడే ఉన్నింది గదా?"

"ఉన్నిందమ్మా."

"ఇట్ల అవుతాదని మీకు తెలుసు గదా?"

"భయపడినాను."

"మరి డ్రమ్ములు ఎందుకు ఎత్తించలేదు? ఆయన మీతో కొట్లాడేవాడు. కొట్లాడేదానికైనా ఉండేవాడు."

బచ్చప్ప గోడకు ఆనుకొని లేచి బయటికి పోయినాడు. నేను ఆయన వెంట నడిచినాను.

నెల తిరిగినాక సర్వసభ్య సమావేశం పిలిచినారు. వెంకటరామప్ప మనిషి సగమైపోయి ఉన్నాడు. ఆయనే లేచి, "ఈ అమెరికా రూలు వద్దు, తీసేద్దాము. అన్న మాట మేము వినింటే చిన్నప్ప ఉండేవాడు. ఇంగ అన్నీ అన్నకే ఇచ్చేద్దాము. ఆయన ఏది చెప్తే అది," అన్నాడు. నిజంగానే ఏడ్చినాడు. చేతులన్నీ లేస్తా ఉన్నాయి.

బచ్చప్ప లేచి నిలబడినాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడు, ఆ దినం మాట సరిగ్గా వినిపించలేదు. మేము ముందుకు జరిగినాము.

"డ్రమ్ముల సంగతిలో నేను చెప్పింది రైటు. నేను రైటైనంత మాత్రాన చిన్నప్ప బతకలేదు. అది నేను పోయేదాకా మోస్తాను. కానీ అక్కయమ్మను బజారులోనుంచి తోసెయ్యాలన్నదీ నేనే. అది తప్పని నాకు అప్పుడు తెలీలేదు. డ్రమ్ముల గురించి ఎంత గట్టిగా నమ్మినానో, ఆమె గురించీ అంతే గట్టిగా నమ్మినాను. రెండు కూడా నా మనసులో ఒకే మాదిరిగా ఉన్నాయి. అడ్డం లేకుండా ఉంటే రెండూ చేసేవాణ్ణి. రేపు నేను ఏది చెప్పినా అది డ్రమ్ముల మాదిరిదో, అక్కయమ్మ మాదిరిదో నాకే తెలీదప్పా. మీకు ఎట్ల తెలుస్తాది?"

ఎత్తిన చేతులు కొన్ని దిగినాయి, కొన్ని అట్లే ఉన్నాయి. అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్న నాగరత్న లోపలికి వచ్చింది. అంతకుముందు ఆ మీటింగులకు ఆడవాళ్ళు వచ్చింది లేదు.

"రూలు ఉండనీండి. మా ఆయన సీటు ఖాళీగా ఉండాది. కాలిపోయిన అంగడికి మళ్ళీ రేకులేసి నేనే నడిపిస్తా ఉండాను. ఆ సీటుకు నేను నిలబడతాను," అన్నింది. బచ్చప్ప వైపు చూడలేదు. ఆయన మాటకు ఒప్పుకొని అన్నట్లు కూడా లేదు.

ఆమె మీద ఎవరూ పోటీ చెయ్యలేదు. కమిటీలో కూర్చున్న మొదటి రోజే డ్రమ్ములు షెడ్డుకు పోవాలని ఆమే అన్నింది. తొమ్మిది మందీ ఒప్పుకున్నారు. షెడ్డు తలుపు బచ్చప్ప తెరిచినాడు, ఆమె దగ్గరుండి డ్రమ్ములు పెట్టించింది. ఇద్దరి మధ్యా పనికి కావాల్సిన మాటలు తప్ప ఇంకేమీ లేవు. నాలుగేండ్లు నిండినాక బచ్చప్ప మళ్ళీ నిలబడలేదు. పేపర్ చదివేవాడు గానీ మాకు చదివి చెప్పడం తగ్గించినాడు. ఒకసారి నేను, "నువ్వు చేసింది రైటేనని నీకు అనిపిస్తాదా అన్నా?" అని అడిగినాను. "కొన్ని దినాలు అనిపిస్తాది. కొన్ని దినాలు అనిపించదు," అన్నాడు.

నాగరత్న ఒకటి తర్వాత ఒకటి గెలిచి తొంభైలలో అధ్యక్షురాలైంది. అప్పటికి మైను పని తగ్గిపోతా ఉన్నింది, లైన్లలో జనం పల్చబడినారు, అంగళ్ళవాళ్ళు ఒక్కొక్కరే పక్కనుండే రాబర్ట్‌సన్‌పేటకు పోతా ఉన్నారు. మిగిలినవాళ్ళను నిలబెట్టాలని ఆమె బజారు వేళలు మార్చింది, వారానికొక రోజు సంత పెట్టాలనింది. నడిమి ఎన్నికలో ఆమె మనుషులు ఓడిపోయినారు. సంత ఆగిపోయింది.

బచ్చప్ప అప్పటికి మంచం పట్టి ఉన్నాడు. నేను ఆయన దగ్గర కూర్చొని ఉండగా నాగరత్న వచ్చింది. ఆ ఇంటికి ఆమె రావడం అన్నేండ్లలో అదే మొదలు. జయలక్ష్మమ్మ చాప వేసింది. నాగరత్న కూర్చునింది.

"రెండేండ్లు వాళ్ళు మిమ్మల్ని కట్టేసి ఉండగా మీకు నిద్ర ఎట్ల పట్టింది?" అని అడిగింది.

"పట్టలేదమ్మా," అన్నాడు బచ్చప్ప. "పొద్దున లేచి ఒక్కొక్క అంగడికీ పోయి మాట్లాడాల. నేను ఒక్క అంగడికి పోయినాను. మిగతావాళ్ళ దగ్గరికి పోలేదు. నా మాట రైటే గదా, వాళ్ళే రావాలనుకున్నాను. నేను తప్పు చేసింది ఆడనే."

నాగరత్న జయలక్ష్మమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, లోటా కింద పెట్టి, బచ్చప్ప కాళ్ళ మీద దుప్పటి సర్ది పోయింది. ఆ సాయంత్రం ఆమె వెంకటరామప్ప అంగడి మెట్లెక్కడం నేను మిషను దగ్గరనుంచి చూసినాను. తర్వాత పక్కంగడి, దాని పక్కది. సంత పెట్టేదానికి కమిటీ ఒప్పుకొనేలోపు ఏడాది పట్టింది. సంత నడిచింది గానీ మైను మూసేసినాక బజారు నిలవలేదు. బజారు ఖాళీ అవడం బచ్చప్ప చూడలేదు, అంతకు ముందే పోయినాడు. పాడె మోసినవాళ్ళలో వెంకటరామప్ప కొడుకులు ఇద్దరూ ఉన్నారు.