పది గళ్ళ బావి

మొన్న మా మనవరాలు లెక్కల పుస్తకం ముందేసుకుని, నీళ్ళ తొట్టి లెక్కకు పొడుగాటి పట్టీ గీసి, దాన్ని గళ్ళుగా కోసి, తెలిసిన గళ్ళకు రంగు పూసి, మిగిలినవి లెక్కపెడుతుంటే, ఈ విద్య కుందుర్పి నుంచి గుత్తి దాకా మొట్టమొదట కనిపెట్టినవాణ్ణి నేనేనని, చిక్కు లెక్క వస్తే మా అయివారు కూడా నన్నే పిలిచేవారని చెప్పేశాను. ఆ పిల్ల నమ్మింది. మీరు నా ఈడువాళ్ళు, నమ్మరు. కాబట్టి కొంత తగ్గించుకుంటాను. అయివారు నన్ను పిలిచింది బోర్డు తుడవడానికి. గళ్ళు గీసింది మా అక్క.

మా చేలో బావి తవ్వుతున్న సంవత్సరం అది. నీళ్ళు పడితే ఊళ్ళో ఉంటాం, పడకపోతే సంసారమంతా బెంగుళూరికి కూలికి పోవాలి. పక్క పల్లంలో చిన్నాయన బావికి ఏడు మట్ల లోతులో నీళ్ళు. మట్టంటే మనిషి నిలువెత్తు. మా చేను ఆయన చేనుకంటే మూడు మట్లు ఎత్తు. మరి మాకెంత లోతులో పడాలి? నోటితో ఎంత చెప్పినా నాయనకు ఎక్కలేదు. అప్పుడు అక్క వంటింటి గోడ మీద బొగ్గుతో రెండు నిలువు పట్టీలు పక్కపక్కన గీసి, చిన్నాయనకు ఏడు గళ్ళు, మాకు వాటిపైన ఇంకో మూడు పెట్టింది. నాయన చాలాసేపు చూసి తలూపాడు. బడికి పోయేవాణ్ణి నేను గనుక మెచ్చుకోలు నాకే దక్కింది, నేనూ వద్దనలేదు.

ఒక్కో మట్టు దిగినప్పుడల్లా సాయంత్రం నాయన వచ్చి, బొటనవేలు తడి చేసుకుని ఒక గడి చెరిపి, "ఇంగెన్ని ఉండాయిరా?" అని నన్నడిగేవాడు. "గోడ మీద నీళ్ళు బాగానే ఉండాయి, కడవ తేవల్నా?" అనేది అమ్మ.

చివరి గళ్ళకు బండ తగిలింది. సమ్మెటతో కొట్టి కొట్టి, పదో గడి చెరిపిన నాడు నాయన నిటారుగా నిలబడలేకపోయాడు. అడుగున చెమ్మ కూడా లేదు. బెంగుళూరు పోనే పోయాం, నాయన తప్ప అందరం ఇటుకలు మోశాం. ఆయన మళ్ళీ నడుమెత్తలేదు.

లెక్క తప్పు కాదు, భూమిదే తప్పని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వస్తున్నాను. ఇప్పుడు అదే చేలోకి బోరు బండ్లు వచ్చి, మట్లలో చెప్పలేనంత లోతుకు దిగి, తెల్లటి దుమ్ము చిమ్మి పోతున్నాయి. మనవరాలి పుస్తకంలో ప్రతి లెక్కకూ వెనక జవాబుంది. మా నేల కోసం గళ్ళు గీసే ఆశ కూడా ఎవరికీ మిగల్లేదు.

ఇంతవరకు రాసి, చూపు తగ్గిన అక్కకు చదివి వినిపించాను. వక్కాకు నములుతూ అంతా విని, నెమ్మదిగా అంది:

"చిన్నాయన బావి ఏడు కాదప్పా, ఐదు. నేను గీసింది ఎనిమిది గళ్ళే. ఎనిమిదోది చెరిపి, ఇంగ చాలు, బెంగుళూరు పోదామని చెప్పి నాయన కాళ్ళు కడుక్కోను పోతే, కింద ఇంకో రెండు గళ్ళు గీసింది నువ్వు. నాయన నడుం పోయింది ఆ రెండిట్లోనే."