ఎడమ సగం

మెదడు దెబ్బతిన్న పక్షవాత రోగికి ఎడమ సగం లోకం ఎందుకు కనబడదో తెలుసుకోవాలని, కొట్టాయం ఆసుపత్రిలో డాక్టర్ ఏలియామ్మ ఇరవయ్యేళ్లుగా కొంగు నడుములో దోపుకుని ఎంగిలి కంచాలకు ఫొటోలు తీస్తోంది. ఎడమవైపు తిండి అలాగే మిగిలిపోతుంది. తిప్పితే అది కుడివైపుకొచ్చి రోగికి కనబడుతుంది కాబట్టి, కంచం మాత్రం ఎవరూ తిప్పకూడదు. ఎంగిలి కంచాల చుట్టూ తిరుగుతుందని వార్డులో అందరూ ఆమెను గద్ద అంటారు. ఆరోజు కుట్టప్పన్ అనే రోగి కంచం పూర్తిగా ఖాళీ. ఎడమ చూపు తిరిగొచ్చిందని ఆమె రాసుకుంటుంటే అతని భార్య తంకమణి, "రోజూ నేనే తిప్పుతున్నాను," అంది.

"ఆరు వారాల పని మట్టిపాలు చేశావు అక్కా!"

"నీ ఫొటోల కోసం మా ఆయన సగం కడుపుతో లేవాలా? గుండె ఉందా నీకు?"

ఏలియామ్మ ఆ ఆరు వారాల కాగితాలన్నిటి మీదా అడ్డంగీత గీసింది. మర్నాడు ఫొటో తీశాక తానే కంచం తిప్పింది. వేయించిన చేప కనబడగానే కుట్టప్పన్ నవ్వాడు. తంకమణి ఆమె ముఖం చూడలేదు.

"ముళ్లు తీసి పెట్టు," అంది.

ఏలియామ్మ కెమెరా పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది.