చక్కెర సంచుల వరస

యుద్ధం రెండు వారాల్లో ముగిసింది. ఆదోనిలో మా వీధి రేషను డీలరు లొంగిపోవడానికి మాత్రం ఇంకో నెల పట్టింది. డెబ్బై ఒకటి చలికాలం అది. చక్కెర ఏదప్పా అంటే యుద్ధం అనేవాడు. గోధుమలు పుచ్చినాయేమప్పా అంటే అదీ యుద్ధమే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, కార్డులో చక్కెర రాసి ఉండేది, దుకాణం తలుపు మీద స్టాకు లేదని రాసి ఉండేది.

నేను ఎమ్మిగనూరు నుంచి కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది. మా నాన్న మగ్గం నేసేవాడు. చీర అంచుల కోసం గళ్ల కాగితం మీద ఆయన డిజైన్లు వేస్తుంటే పక్కన కూర్చుని నేనూ గీయడం నేర్చుకున్నాను. అత్తారింటికి పెట్టెతో పాటు నా బొమ్మల కట్ట ఒకటి తెచ్చుకున్నాను. యుద్ధం పుణ్యమా అని అది ఇంకా లావైంది. చీమలు రేషను కార్డులు పట్టుకుని లైన్లో నిలబడినట్టు ఒకటి, మా డీలరు కంసాలి త్రాసులో చక్కెర తూస్తున్నట్టు ఒకటి, ఇట్లా గీసి గీసి నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఆ కట్ట మా అత్తకు కంట్లో నలుసు.

డీలరు ఎప్పుడు తలుపు తీస్తాడో వాడికే తెలియదు. అంతసేపు ఎవరు నిలబడతారు? అందుకని పొద్దున్నే వచ్చి సంచి వరసలో పెట్టి, గాలికి పోకుండా లోపల ఒక రాయి వేసి, ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు. సంచి ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఒకరోజు ఎదురుగా టీ అంగడి అరుగు మీద కూర్చుని ఆ వరసను చూస్తూ ఉంటే నాకు నవ్వాగలేదు. ప్రతి సంచీ దాని మనిషి లాగే ఉంది! ముందున్న వైరు బుట్ట దాని యజమానురాలి లాగే నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. దాని వెనకాల గుడ్డ సంచి నీరసంగా వాలిపోయింది. మూడోది గోనె సంచి. కోసిగి నుంచి వచ్చి జిన్నింగు ఫ్యాక్టరీలో పత్తి ఏరే ఒక అవ్వది. చెవులు రెండూ నిక్కబొడుచుకుని తగవుకు సిద్ధంగా ఉంది. ఇంకా వరసలో పెట్టని నా సంచిని మడిచి ఒళ్లో పెట్టుకుని, దాని మీద క్యాలెండరు కాగితం పరిచి, వరస మొత్తం గీసేశాను.

టీ అంగడి చాచా ఆ బొమ్మ అడిగి తీసుకుని మైదా బంకతో గోడకు అంటించాడు. ఎవరి సంచి వాళ్లు చూసుకుని మురిసిపోవడమే. చాచాకు ఆ వారం టీలు బాగా పోయాయి. చక్కెర మాత్రం ఆ రోజూ రాలేదు.

నేను ఉత్త సంచితో ఇంటికి పోవడం అది రెండోసారి. టీ పడకపోతే మా అత్తకు తల నొప్పి. బెల్లం వేసి కాస్తే పాలు విరిగిపోయేవి. ఆమె అరవలేదు, అదే భయం.

"మూడోసారి గూడ ఉత్త సంచితో వస్తే, నీ బొమ్మల కట్టతోనే నీళ్లు కాగబెడతా" అన్నది.

అన్న మాట తప్పే మనిషి కాదు. ఆ వారమంతా నీళ్లపొయ్యి వెలిగించినప్పుడల్లా పోయి నా కట్ట ఉందో లేదో చూసుకునేదాన్ని.

తర్వాతి వారం నిజంగానే చక్కెర మూట దిగింది. సగం మందికి కూడా చాలదన్నారు. నేను కోడి కూయకముందే వచ్చి అయిదో చోటులో సంచి పెట్టేశాను. అవ్వ ఫ్యాక్టరీలో చిక్కుకుని ఆలస్యంగా వచ్చింది. చూస్తే ఆమె గోనె సంచికి వరస చివర్లో తప్ప చోటు లేదు. ఆమె ఊరుకునే రకమా? డీలరును రెక్క పట్టుకుని టీ అంగడి గోడ దగ్గరికి లాక్కుపోయింది. బొమ్మలో నాది మూడోది, చూడు అంది. అది పోయిన వారం లైను గదా అవ్వా అని డీలరు నవ్వాడు.

"పోయిన వారం నువ్వు చక్కెర పోసినావా?"

లేదన్నాడు.

"మరి ఆ లైను యాడ ముగిసిందప్పా? ఇంగా ఆడ్నే ఉండాది."

బొమ్మలో ఉన్నవాళ్లంతా అవ్వ చెప్పింది న్యాయమన్నారు. ఎక్కువ మంది వాళ్లే. చివరికి డీలరు గోడ ముందు నిలబడి, బొమ్మ మీద వేలు పెట్టి, వైరు బుట్ట ఎవరిది, గుడ్డ సంచి ఎవరిది అని పిలవడం మొదలుపెట్టాడు.

నేనూ అందరితో పాటు కడుపు పట్టుకుని నవ్వాను. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. బొమ్మలో నా సంచి ఏది? ఒళ్లో ఉండింది గదా! తాను తవ్విన గోతిలో తానే పడడమంటే ఇదే. నా బొమ్మల కట్ట నీళ్లపొయ్యిలో మండుతున్నట్టే కనిపించి, సిగ్గు విడిచి ఏడ్చేశాను. అవ్వ దగ్గరికి వచ్చి ఏమైందని అడిగింది. వెక్కుతూనే అంతా చెప్పాను.

ఆమె చాచా పొయ్యి దగ్గర చల్లారిన బొగ్గు ముక్క తీసుకుంది. జన్మలో పలక పట్టిన చేయి కాదు. నాలుక కరుచుకుని, తన గోనె సంచి పక్కనే ఇరికించి ఏదో గీసింది. రెండు చెవులున్న వంకాయలా వచ్చింది. ఇప్పుడు గీస్తే ఎట్లా చెల్లుతుందని డీలరు అడ్డం వచ్చాడు.

"బొమ్మేసిన పిల్లకే బొమ్మలో సోటు లేదంటే ఎట్లప్పా?" అంది అవ్వ.

అడ్డం చెప్పినవాళ్లు లేరు. నాలుగో పిలుపు నాదే, చక్కెర దక్కింది. ఇంటికి పోయి టీ పెట్టాను. మా అత్త రెండు గ్లాసులు తాగి, చాలా రోజుల తర్వాత, ఎమ్మిగనూరులో మీవాళ్లు బాగున్నారా అని అడిగింది.

మర్నాడు వీధంతా చెప్పుకుంటున్న ఆ బొమ్మేదో చూడాలని తానే బయలుదేరింది. నేను వెనకాల బిక్కుబిక్కుమంటూ నడిచాను. గోడ ముందు నిలబడి, మనదేది అని అడిగింది. వంకాయను చూపించాను. మా అత్త ఆ సంచిని మామ పాత ప్యాంటుతో తానే కుట్టింది. అదీ ఆ వంకాయలాగే ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉండేది.

"కడమ సంచులు ఏందో గీకినావు గానీ," అంది, "మన సంచి మాత్రం అచ్చం మన సంచే."

నా బొమ్మను ఆమె మెచ్చుకోవడం అదే మొదలు, అదీ నేను గీయనిదాన్ని. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్లూ, నెల మారగానే చింపిన క్యాలెండరు కాగితం పొయ్యి దగ్గరికి పోలేదు. మడత పెట్టి నా చేతికే ఇచ్చేది. ఆ సంచి గీసింది అవ్వ అని ఎన్నోసార్లు చెప్పబోయి, ఆ కాగితం చూసి ఊరుకున్నాను.