పొయ్యెక్కని తీపి

నాకు నోరెక్కువని ఊరంతా అంటుంది. నిజమే. ఉప్పాడ దగ్గర ఈ చేపల వేటగాళ్ల పల్లెలో కిరాణా కొట్టు నడపాలంటే నోరు లేకపోతే కుదరదు. అలాంటి నేను కూడా నూకరత్నం వచ్చి కౌంటరు ముందు నిలబడితే మాటల కోసం తడుముకుంటాను. ఆమె నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, చేతుల నిండా గాజులు. ఆ బొట్టు చూసి ఊళ్లో సగంమంది నొసలు చిట్లిస్తారు, మిగతావాళ్లు తల తిప్పుకుంటారు.

ఆమె భర్త అమ్మిరాజు కిందటి తుపానప్పుడు వేటకి వెళ్లి తిరిగి రాలేదు. పడవ తిరగబడితే కూడా వెళ్లినవాళ్లు ఖాళీ డబ్బాలు పట్టుకుని ఒడ్డుకి చేరారు. అతను చేరలేదు. శవమూ దొరకలేదు. కొన్నాళ్లు చూసి, గడ్డితో బొమ్మ చేసి కర్మ జరిపించేద్దామన్నారు పెద్దలు. రత్నం ఒప్పుకోలేదు. ఏ పరాయి పడవో ఎక్కించుకుని ఉండొచ్చు, ఏ దేశం జైల్లోనో ఉండొచ్చు, మనిషి లేడని నాకు చూపించిందెవరు అంది.

అత్త లోవలక్ష్మి వాదించలేదు. మూకుడు అటకెక్కించేసింది. మా వైపు చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పొయ్యి మీద మూకుడు పెట్టరు. బూరెలుండవు, గారెలుండవు, ఏ తీపీ వండరు. కర్మే జరగని ఆ ఇంట్లో ముసలమ్మ అలా మౌనంగా సూతకం పట్టింది. రత్నం మూకుడు దింపుతుంది, ఆవిడ మళ్లీ ఎక్కిస్తుంది. ఒకరినొకరు ఒక్క మాటా అనుకోరు. అరుచుకుంటే నయమనిపించేది నాకు.

మధ్యలో పిల్ల అడకత్తెరలో పోకచెక్క అయింది. పేరు సాయిప్రసన్న, రెండో క్లాసు. దాని పుట్టినరోజు మే నెలలో వస్తుంది. అప్పుడు వేట నిషేధం కనక పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, పిల్లలందరి నాన్నలూ ఇళ్ల దగ్గరే ఉంటారు. ఆ సంగతి నాకు అంతకుముందెప్పుడూ తట్టలేదు. ఈ ఏడు ఆ పిల్ల వీధిలో ఆడుకోకుండా మా కొట్టు అరుగు మీదే కూర్చుంటుంటే తట్టింది.

పుట్టినరోజుకి బూరెలు కావాలంది పిల్ల. రత్నం మూకుడు దింపింది. ముసలమ్మ అప్పుడు నోరు విప్పింది. అది పొయ్యెక్కితే ఇక ఆ ఇంట్లో ముద్ద ముట్టనంది. రత్నం కూడా మొండిదే, నూనె కోసం మా కొట్టుకి వచ్చేసింది. వెనకే ముసలమ్మ, ఆవిడ వెనక పిల్ల. నలుగురూ చూస్తుండగా నా కొట్టు ముందు ఈ రభస ఏంటా అని నేను నోరు తెరిచేలోపు పిల్ల మామ్మ చెంగు పట్టుకుంది. వేసవి సెలవులకి బడి మూసేముందు టీచరు గ్లాసుల్లో ఒక తీపి చేయించిందట. కింద బిస్కెట్ల పొడి, దాని మీద తీపి పెరుగు, పైన పళ్ల ముక్కలు, మళ్లీ అదే వరస. "స్టవ్వే అక్కర్లేదు మామ్మా," అంది.

ముసలమ్మ ఆలోచించింది. పొయ్యి వెలగనప్పుడు తప్పేముందిలే అంది. పామూ చావలేదు, కర్రా విరగలేదని నేను సంబరపడిపోయాను.

ఫ్రిజ్ మా కొట్లోనే ఉంది కాబట్టి వంట కాని ఆ వంట మా అరుగు మీదే జరిగింది. వీధి పిల్లలంతా దిగారు. మేరీ బిస్కెట్లు కవరులో పోసి పప్పుగుత్తితో దంచమంటే నా అరుగంతా దంచి పోశారు. గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగుని రత్నం పంచదారతో గిలక్కొట్టింది. చక్కెరకేళీలూ మామిడిపళ్లూ ముసలమ్మ తరిగింది. వరసలు కలిసిపోకుండా చెంచాతో ఎలా సర్దాలో పిల్ల అందరికీ పెత్తనంగా చెబుతుంటే రత్నం నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

అన్నీ అయ్యాక పిల్ల ఇంకో గ్లాసు నింపింది. మామిడి ముక్కలు దాంట్లోనే ఎక్కువ వేసింది.

"ఇది నాన్నది. వచ్చాక తింటారు. ఫ్రిజ్‌లో ఉంచండి ఆంటీ," అంది నాతో.

రత్నమే లేచి ఆ గ్లాసు తీసుకెళ్లి, సోడా సీసాల వెనక భద్రంగా పెట్టింది.

చల్లబడ్డాక గ్లాసులు బయటికి తీసి పిల్లల చేతికిస్తున్నాను. ముసలమ్మ అందరినీ ఆగమంది. తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, సోడా సీసాలు పక్కకి జరిపి, అమ్మిరాజు గ్లాసు తీసింది. మా పెరట్లో గోడ మీద బాదం ఆకు పరిచి దాంట్లో అంతా ఒంపింది. కాకిని పిలిచింది. పోయినవాళ్లకి పెట్టే ముద్ద కాకి ముడితేనే వాళ్లకి చేరినట్టు.

రత్నం పరుగెత్తుకొచ్చింది. "ఏంటత్తా ఇది?"

"నా కొడుక్కి ఇంతవరకూ ఒక్క ముద్ద పెట్టలేదే. నువ్వు పెట్టనివ్వలేదు," అంది ముసలమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆకలితో తిరుగుతున్నాడేమోనని నాకు కూడు దిగట్లేదు, అమ్మాయ్."

కాకి వచ్చి గోడ మీద వాలింది. ఇటూ అటూ చూసి మామిడి ముక్క ముక్కున కరుచుకుంది.

"అమ్మా, నాన్నది తినేస్తోంది. తోలమ్మా," అని పిల్ల తల్లిని కుదిపేసింది.

రత్నం చెయ్యెత్తింది. గాజులన్నీ మోచేతి దాకా జారాయి. ఒక్క అరుపు అరిస్తే చాలు, కాకి ఎగిరిపోయేది. ఆ చెయ్యి అలా పైనే ఉండిపోయింది. కాకి రెండో ముక్క తీసుకుంది.

"తిననీ," అంది రత్నం. "ఆకలేస్తోందేమో."

చెయ్యి దించి, వెళ్లి అత్త పక్కన గోడ కింద కూలబడింది. తుపాను తరవాత ఆమె ఏడవడం మేము చూసింది అదే మొదలు.